స్టార్ల చార్టా, చింతగింజల సీసానా? ప్రైమరీ క్లాసుకి ఏది నప్పుతుంది

దసరా సెలవులకి ముందు పేరెంట్స్ మీటింగ్ రోజున ఒకావిడ మా మూడో తరగతి గదిలోకి వచ్చింది. నాతో మాట్లాడకుండానే నేరుగా గోడ దగ్గరికి వెళ్లింది. గోడ మీద స్టార్ల చార్టు ఉంది. జులైలో నేనే డ్రాయింగ్ షీటు మీద గీతలు కొట్టి, 28 మంది పేర్లు రాసి, హోంవర్క్ చేసినవాళ్లకి, నిశ్శబ్దంగా కూర్చున్నవాళ్లకి బంగారు రంగు స్టిక్కర్లు అంటిస్తూ వచ్చాను. ఆవిడకి చదవడం రాదు. కొడుకుని అడిగి వాడి వరస ఏదో తెలుసుకుంది. ముగ్గురు పిల్లల వరసలు చివరి గడి దాకా మెరుస్తున్నాయి. వాడి వరసలో నాలుగంటే నాలుగు. "వీడు అంత పనికిమాలినోడా టీచర్ గారూ?" అని అడిగింది. వాడు పక్కనే నిలబడి చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు.

ఆ సాయంత్రమే చార్టు పీకేశాను. అందరి క్లాసుల్లోనూ ఉందని నేనూ పెట్టాను తప్ప, నా క్లాసుకి దాంతో ఏం పనో ఒక్కరోజూ ఆలోచించలేదు. తర్వాతి ఏళ్లలో గ్రూపు పాయింట్లు, సీసా, కార్డులు, యాప్ అన్నీ వాడి చూశాను. డీఎస్సీలో కొత్తగా వచ్చినవాళ్లు "క్లాసు కంట్రోల్ కావట్లేదు, మీరేం పెట్టారు?" అని అడిగితే చెప్పే మాటలే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఒకటి నుంచి ఐదో తరగతి, గదిలో 20 నుంచి 40 మంది పిల్లలు అనుకోండి.

బెత్తం ఈ పోలికలో లేదు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గోడకుర్చీ, గుంజీలు, ఎండలో నిలబెట్టడం లాంటివి ఏ పేరుతో చేసినా దాని కిందికే వస్తాయి. "మా రోజుల్లో సార్లు కోదండం వేసేవాళ్లు, దూలానికి వేలాడదీసేవాళ్లు, అందుకే చదువొచ్చింది" అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ కోదండానికి భయపడి బడి మానేసి పశువుల వెంట పోయినవాళ్లు మాత్రం మన దగ్గరికొచ్చి మాట్లాడరు.

ముందు మూడు రోజులు లెక్క పెట్టండి

అల్లరి ఎవరు చేస్తున్నారు, ఎప్పుడు చేస్తున్నారు అన్నది తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. ఒక చీటీ దగ్గర పెట్టుకుని, పాఠం ఆపాల్సి వచ్చిన ప్రతిసారీ ఒక గీత గీయండి. పక్కన టైము, కారణం రాయండి. పిల్లలకి చెప్పొద్దు.

నేను మొదటిసారి లెక్క పెట్టినప్పుడు దాదాపు సగం గీతలు మధ్యాహ్న భోజనం తర్వాతి ఇరవై నిమిషాల్లోనే పడ్డాయి. ఇంకో పెద్ద వాటా పెన్సిళ్లది. "టీచర్, నా పెన్సిల్ తీసుకున్నాడు", "టీచర్, ముల్లు విరిగింది", "టీచర్, చెక్కుకుని వస్తా". ఒక డజను పెన్సిళ్లు చెక్కి డబ్బాలో పెట్టి, విరిగింది అందులో వేసి చెక్కింది తీసుకోమన్నాను. వారం తిరిగేసరికి ఆ గొడవ పోయింది. ఒక్క స్టిక్కరు కూడా ఖర్చు కాలేదు. అందుకే ఒకటో తరగతి టీచర్లకి, స్టిక్కర్లు కొనేముందు పెన్సిళ్లు కొనమని చెబుతుంటాను.

భోజనం తర్వాతి గోలకి కూడా బహుమతి అక్కర్లేదు. ఎండలో ఆడి చెమటలు కక్కుతూ వచ్చిన పిల్లల్ని వెంటనే ఎక్కాలు చెప్పమంటే ఎలా చెబుతారు? నీళ్లు తాగి, తల వాల్చుకుని ఐదు నిమిషాలు కథ వింటే వాళ్లే సర్దుకుంటారు. లేదా వాన చప్పట్లు కొట్టించండి. ఒక వేలితో మొదలుపెట్టి ఐదు వేళ్ల దాకా పెంచి, మళ్లీ ఒక వేలికి దించితే ఆఖరికి గది దానంతటదే నిశ్శబ్దమవుతుంది.

ఇవి పోగా మిగిలిన గీతలు చూడండి. అవి క్లాసందరివీనా, ఇద్దరు ముగ్గురివేనా? ఇక్కడే మనం ఎక్కువగా పొరబడతాం. ఇద్దరి కోసం 30 మందికి చార్టు పెడతాం. ఆ 28 మందికీ స్టార్లు వస్తాయి, ఆ ఇద్దరికీ రావు.

స్టార్ల చార్టు

పెట్టడం తేలిక, మొదటి వారం అద్భుతంగా పనిచేస్తుంది. రెండో వారానికి ఎవరి వరస నిండుతుందో, ఎవరిది నిండదో పిల్లలకి తెలిసిపోతుంది. నిండనివాళ్లు చార్టు వైపు చూడడం మానేస్తారు. నిండేవాళ్లు "టీచర్, దీనికి స్టార్ ఉందా?" అని అడిగాకే పని మొదలుపెడతారు.

ఆ ప్రశ్న మీద ఒక ప్రయోగమే ఉంది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే సైకాలజిస్టులు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో చేసింది. బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లల్ని తీసుకుని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. రెండో గుంపుకి ముందు ఏమీ చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మూడో గుంపుకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఎవరూ అడక్కుండా స్కెచ్ పెన్నులు అందుబాటులో పెడితే, ముందే ఆశపెట్టిన గుంపు వాటితో గడిపిన సమయం మిగతా గుంపులతో పోలిస్తే సగమే. అనుకోకుండా సర్టిఫికెట్ అందుకున్నవాళ్ల ఇష్టం మాత్రం తగ్గలేదు.

దీన్ని పట్టుకుని బహుమతులన్నీ చెడ్డవనేవాళ్లున్నారు. నేనంత దూరం పోను. ఆ పిల్లలకి బొమ్మలంటే ముందే ఇష్టం. ఎక్కాలంటేనే పడనివాడికి స్టారిస్తే తగ్గిపోవడానికి అక్కడ ఇష్టమంటూ ఉంటే కదా! కాబట్టి కథల పుస్తకాలకి, బొమ్మలకి, పాటలకి స్టార్లు వద్దు. టైముకి రావడం, గోళ్లు తీసుకోవడం, కాపీ రాత లాంటి వాటికి ఓ నెల పెట్టుకోవచ్చు. అదీ గోడ మీద వద్దు, ఎవరి నోటుబుక్కు వెనక అట్ట మీద వాళ్లకి. పోయిన వారం కన్నా ఈ వారం ఎన్ని ఎక్కువ వచ్చాయో వాడే లెక్కపెట్టుకుంటాడు. పక్కవాడివి వాడికి కనబడవు, మీటింగుకి వచ్చిన పక్కింటివాళ్లకీ కనబడవు.

రంగు కార్డులు, బోర్డు మీద పేర్లు

పచ్చ, పసుపు, ఎరుపు. బట్టల క్లిప్పు మీద పిల్లవాడి పేరు రాసి, అల్లరి చేస్తే కిందికి దించడం. ప్రైవేటు స్కూళ్లలో అందంగా చేసి పెడతారు. నేను దీనికి ఓటు వెయ్యను. ఉదయం పదిన్నరకే ఎరుపులోకి పోయినవాడికి సాయంత్రం నాలుగు దాకా పోగొట్టుకోవడానికి ఇంకేం మిగిలింది? మిగతా రోజంతా వాడి రాజ్యమే. ఎరుపులో రోజూ అవే మూడు పేర్లుంటే, ఆ చార్టు వాళ్లని మార్చడం లేదని మనకే చెబుతోంది. పైగా పదిమందిలో పరువు తీయడం కూడా వేధింపే.

మన బడుల్లో దీనికి పాత రూపం ఒకటుంది: టీచర్ బయటికి వెళ్తే క్లాస్ లీడర్ బోర్డు మీద మాట్లాడినవాళ్ల పేర్లు రాయడం. మీరూ రాసుంటారు, లేదా మీ పేరే రాసుంటారు. రెండు రేగుపళ్లు ఇస్తే పేరు చెరిగిపోతుందని, ఇవ్వకపోతే పక్కన ఇంటూ మార్కులు పెరుగుతాయని టీచరుకి తప్ప క్లాసంతటికీ తెలుసు. ఎనిమిదేళ్ల పిల్లకి పోలీసు పని అప్పజెప్పి లంచం ఎలా తీసుకోవాలో మనమే నేర్పుతున్నాం. లీడర్‌కి ఇంకేదైనా పని ఇవ్వండి. పుస్తకాలు పంచడం, తేదీ రాయడం, కొత్తగా చేరిన పిల్లని వెంట తిప్పడం ఇలాంటివి.

గ్రూపు పాయింట్లు

క్లాసుని నాలుగు గ్రూపులు చేసి గోదావరి, కృష్ణ, పెన్నా, నాగావళి అని పేర్లు పెట్టి పాయింట్లు వేయడం చాలామందికి అలవాటే. దీని వెనక మంచి పరిశోధన కూడా ఉంది. 1969లో అమెరికాలో 24 మంది ఉన్న నాలుగో తరగతిని రెండు జట్లు చేసి 'గుడ్ బిహేవియర్ గేమ్' ఆడించారు. నియమం తప్పినప్పుడల్లా ఆ జట్టుకి ఒక మార్కు. తక్కువ మార్కులు పడ్డ జట్టు గెలిచినట్టు. ఒక పరిమితి దాటకపోతే రెండు జట్లూ గెలిచినట్టే. మాట్లాడడం, సీట్లోంచి లేవడం బాగా తగ్గాయి. తర్వాత 1980లలో బాల్టిమోర్ బడుల్లో ఒకటో తరగతి పిల్లలతో ఆడించి, వాళ్లు పెద్దయ్యేదాకా గమనించారు. చిన్నప్పుడు బాగా దూకుడుగా ఉండే మగపిల్లల్లో మత్తు అలవాట్లు తక్కువగా కనబడ్డాయి.

మనం చేసేటప్పుడు ఆ 'రెండు జట్లూ గెలవొచ్చు' అన్న ముక్కనే వదిలేస్తాం. ఒక్కరే గెలవాలంటాం. అప్పుడేమవుతుంది? నా క్లాసులో కృష్ణ గ్రూపు మూడు వారాలు వరసగా ఓడిపోయింది. ఇంటర్వెల్లో నూతి పక్కన ఆ గ్రూపు పిల్లలే ఒకణ్ని చుట్టుముట్టి "నీ వల్లేరా" అని తోసేశారు. మోచెయ్యి గీరుకుపోయింది. ఆ 1969 క్లాసులోనూ ఇద్దరు పిల్లలు మేం ఆడం అని మొండికేస్తే వాళ్లని జట్టులోంచి తీసి విడిగా చూడాల్సి వచ్చింది.

గ్రూపులు పెట్టుకునేవాళ్లకి నా సలహా: పోటీ వద్దు, గీత పెట్టండి. "ఈ పీరియడ్‌లో మూడు మార్కులు దాటని గ్రూపులన్నీ గెలిచినట్టే." రోజంతా ఆడించొద్దు, ఒక్క పీరియడ్ చాలు. నాలుగు, ఐదు తరగతులకి బాగుంటుంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలకి ఏ గ్రూపులో ఉన్నారో గుర్తుంచుకోవడమే ఒక పని.

చింతగింజల సీసా

నా ఓటు దీనికే. క్లాసందరికీ కలిపి ఒకటే సీసా. అందరూ పుస్తకాలు తీసి సిద్ధంగా ఉంటే ఒక గింజ, వరసలో తోసుకోకుండా భోజనానికి వెళ్లొస్తే ఒక గింజ. సీసా మీద గీసిన గీత దాకా నిండితే అందరికీ కలిపి ఏదో ఒకటి. ఎవరూ వెనకబడరు, ఎవరి పేరూ గోడెక్కదు.

చిన్న చిన్న విషయాలే దీన్ని నిలబెడతాయి, పడగొడతాయి. మొదట లీటరు ప్లాస్టిక్ డబ్బా పెట్టాను. నెల గడిచినా అడుగు కూడా నిండలేదు. పిల్లలు మర్చిపోయారు, నేనూ మర్చిపోయాను. తర్వాత చిన్న పచ్చడి సీసా తెచ్చి, సుమారు 40 గింజలకి నిండేలా మార్కర్‌తో గీత పెట్టాను. రోజుకి ఐదారు గింజలు పడితే వారం పది రోజుల్లో నిండుతుంది. ఈ వయసు పిల్లలు అంతకన్నా ఎక్కువ ఆగలేరు. ఒకటో తరగతికైతే రెండు మూడు రోజుల్లోనే నిండాలి. సీసా గాజుదే ఉండాలి. గింజ అడుగున పడినప్పుడు టక్ మని మోగుతుంది. బోర్డు వైపు తిరిగి రాస్తూ ఉన్నా, ఆ శబ్దం వింటే వెనక బెంచీలో కాళ్లు ముడుచుకుంటాయి. ప్లాస్టిక్‌లో ఆ మోత రాదు. పగిలితే ప్రమాదం కాబట్టి నా బల్ల మీదే, గోడ వైపు పెట్టుకున్నాను.

ఒక నియమం మాత్రం ఎంత కోపమొచ్చినా తప్పొద్దు: వేసిన గింజ తియ్యొద్దు. ఒకసారి వర్షం పడుతున్న రోజు, తలనొప్పితో ఉన్నాను, గోల భరించలేక సీసాలోంచి గుప్పెడు తీసేశాను. గది నిశ్శబ్దమైపోయింది. పనిచేసిందనుకున్నాను. మర్నాడు గింజ వేస్తే ఒక్కరూ తల తిప్పలేదు. సంపాదించుకున్నది ఎప్పుడైనా పోతుందని తెలిశాక దాని మీద ఎవరికి ఆశ ఉంటుంది? మళ్లీ నమ్మకం కుదరడానికి రెండు వారాలు పట్టింది.

గింజ వేసేటప్పుడు ఎందుకు వేశారో చెప్పాలి. ఊరికే "వెరీగుడ్" అంటే వాళ్లకి ఏమీ తెలియదు. "నేను చెప్పకముందే చాపలు మడతపెట్టేశారు" అంటే రేపు కూడా మడతపెడతారు. నిజం చెప్పాలంటే పని చేసేది ఎక్కువగా ఈ మాటే. గింజ ఆ మాట మనకి గుర్తు చేయడానికి. మూడు తరగతులు ఒకే గదిలో పెట్టుకుని ఒక్కరే నడిపే టీచర్లకి కూడా ఇది చేతనవుతుంది, రాసుకోవాల్సిన లెక్కలు ఏమీ లేవు కాబట్టి.

ఒక్కరి కోసం కార్డు

సీసా పెట్టాక కూడా ఇద్దరు ముగ్గురు మిగులుతారు. వాళ్లకి కావాల్సింది వేరు. పోస్టుకార్డు సైజు అట్టముక్క మీద రోజుని నాలుగు భాగాలు చేయండి: బెల్లు నుంచి ఇంటర్వెల్, ఇంటర్వెల్ నుంచి భోజనం, అలా. చూసేవి రెండే రెండు: "చెయ్యెత్తి మాట్లాడాను", "ఎవర్నీ కొట్టలేదు". భాగానికి రెండు టిక్కులు, రోజుకి ఎనిమిది. పొద్దున వాడు రాగానే కార్డు ఇచ్చి రెండు మాటలు మాట్లాడండి, సాయంత్రం ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి.

లక్ష్యం ఎంత పెట్టాలన్నది అసలు ప్రశ్న. ముందు మూడు రోజులు ఏ లక్ష్యమూ చెప్పకుండా టిక్కులు పెట్టి చూడండి. వాడికి మామూలుగా మూడు వస్తున్నాయంటే లక్ష్యం నాలుగు. ఏడు పెడితే మొదటిరోజే కార్డు చింపేస్తాడు, వాడి తప్పు కాదు. వారానికొకటి పెంచుకుంటూ పోవచ్చు.

కార్డుని ఇంటికి పంపాలా వద్దా? పుస్తకాల్లో పంపమనే ఉంటుంది. నేనూ పంపాను. మొదటిరోజు రెండే టిక్కులు వచ్చాయి. మర్నాడు వాడు పిక్కల మీద వాతలతో వచ్చాడు. తండ్రి చదివి బెల్టు తీశాడట. అప్పట్నుంచి మంచి రోజుల కార్డులే ఇంటికి పంపుతాను, మిగతావి నా టేబులు సొరుగులో ఉంటాయి. తల్లిదండ్రుల్ని పిలిచి, చెడ్డరోజు గురించి అడగొద్దు, మంచిరోజు కార్డు వస్తే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, అంతే చాలు అని చెబుతాను.

ఆరు వారాలు కార్డు నడిపినా కదలిక లేకపోతే, అది అల్లరి కాకపోవచ్చు. వినికిడి, చూపు, ఇంట్లో పరిస్థితి చూడండి. ఒక్క నిమిషం కూడా నిలవలేని పిల్లవాడైతే మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని చూసే ఐఈఆర్‌పీ టీచర్‌తో మాట్లాడండి. వాడి మీద ఇంకో చార్టు ప్రయోగించకండి.

యాప్‌లు

క్లాస్‌డోజో లాంటివి 2011 నుంచి ఉన్నాయి. పిల్లకో బుజ్జి రాక్షసుడి బొమ్మ, మంచికి ప్లస్, చెడుకి మైనస్, తల్లిదండ్రుల ఫోన్‌కి కబురు. హాజరు, భోజనం ఫొటోలు అంటూ మన ఫోన్లు ఇప్పటికే యాప్‌లతో నిండిపోయాయి. పాఠం మధ్యలో ఫోన్ తీస్తే పిల్లల కళ్లన్నీ దాని మీదే. మైనస్ పాయింట్లు ఎరుపు కార్డుకి కొత్త చొక్కా తొడిగినట్టే. దుబాయ్‌లో ఉన్న నాన్నకి పిల్ల వేసిన బొమ్మ ఫొటో పంపడానికైతే బాగుంటాయి. అంతవరకు వాడుకోండి.

నిండితే ఏమివ్వాలి

చాక్లెట్లు మొదలుపెట్టకండి. లెక్క వేద్దాం: రూపాయి చాక్లెట్ రోజుకొకటి, 30 మంది, చట్టం ప్రకారం ప్రైమరీకి 200 పనిదినాలు. ఏడాదికి 6000 రూపాయలు మన జేబులోంచి. మానేసిన రోజు క్లాసు మొహం చూడాలి.

"అన్నం తింటే ఆటకి పంపిస్తా" అని మన అమ్మమ్మలు ఎప్పట్నుంచో చేస్తున్నదాన్నే డేవిడ్ ప్రిమాక్ అనే సైకాలజిస్టు సూత్రంగా చెప్పాడు: పిల్లలు వాళ్లంతట వాళ్లు ఎగబడి చేసే పనే, చేయని పనికి బహుమతి. వాళ్లు దేనికి ఎగబడతారో మీకు తెలుసు. పావుగంట ఖోఖో, వేపచెట్టు కింద పాఠం, టీచర్ కుర్చీలో కూర్చుని కథ చదవడం, రివర్స్‌లో ఎక్కాలు, చెప్పులు లేకుండా వర్షం నీళ్లలో కాగితం పడవలు. ఐదారు రాసి ఓటింగు పెట్టండి. ఆటల పీరియడ్‌ని మాత్రం బహుమతిగా లెక్కేయొద్దు, అది వాళ్ల హక్కు. గింజలు నిండలేదని దాన్ని రద్దు చేయడం అన్యాయం.

ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీయాలి

జూన్ 12న బడి తెరిచాక రెండు మూడు వారాలు ఏ పద్ధతీ పెట్టకండి. వరసలో నడవడం, చెయ్యెత్తడం, సంచులు పెట్టడం ఆటలాగా రోజూ చేయించండి, చాలావరకు అక్కడే సర్దుకుంటుంది. జులైలో మూడు రోజుల లెక్క. గోల అందరిదీ అయితే సీసా. ఇద్దరిదే అయితే నేరుగా కార్డు, సీసా కూడా అక్కర్లేదు. పెద్ద తరగతి, పోటీ అంటే ఉత్సాహపడే పిల్లలు అయితే గీత పెట్టిన గ్రూపులు. మూడూ ఒకేసారి మొదలుపెట్టొద్దు, వారం తిరక్కుండా మూడింటినీ మీరే వదిలేస్తారు.

దసరా తర్వాత గింజలు వేసే సందర్భాలు తగ్గించండి. ఏ పీరియడ్‌లో చూస్తానో చెప్పకుండా రోజుకి రెండు పీరియడ్‌లే చూడండి. సంక్రాంతి తర్వాత సీసా తీసేసి, మాట మాత్రం ఉంచండి. మళ్లీ గోల పెరిగితే ఓ పది రోజులు సీసా తిరిగి పెట్టండి, అందులో నామోషీ ఏమీ లేదు.

పోయిన ఏడాది సంక్రాంతి సెలవులయ్యాక సీసా బీరువాలో పెట్టాను. మూడు రోజులు ఎవరూ అడగలేదు. నాలుగో రోజు ఒకమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి, "టీచర్, ఆ సీసా ఖాళీయే కదా, మన కిటికీలో మనీప్లాంట్ పెడదామా?" అంది. గింజలు సంచిలో పోసి సీసా ఇచ్చేశాను.